రెండు నారుమళ్లు

పొద్దున్నే చాయ్ తాగి నారుమడి దగ్గరికి వెళ్లింది స్వరూప. మడిలో చుక్క నీరు లేదు. గట్టుకు బొక్క పడి, నీరంతా రాత్రికి రాత్రే జారిపోయింది. ఆమెకు కోపం కూడా రాలేదు. ఇది స్వప్న పనే అనుకుంది, అంతే.

స్వప్న ఆమెకు సొంత చెల్లెలు, తోడికోడలు కూడా. అన్నదమ్ములకు అక్కచెల్లెళ్లను ఇచ్చి చేసినప్పుడు నిడమనూరంతా ముచ్చటపడింది. పోయినేడు మడి ఇలాగే ఎండితే, స్వప్న గండి కొట్టిందని స్వరూప వాళ్ల మోటారు వైర్లు తెంపింది. వాళ్లు ఈమె బండి బాటకు ముళ్లకంప వేశారు. ఈమె కూతురి ఓణీల ఫంక్షన్‌కు వాళ్లను పిలవలేదు. ఎవరి వంతు వస్తే వాళ్లు చేసుకుపోతున్నారు, అంట్లు తోముకున్నంత మామూలుగా.

ఇప్పుడు వంతు తనది. స్వరూప బర్రెలను విప్పి స్వప్న నారుమడిలోకి తోలింది. పచ్చటి నారును అవి మేస్తుంటే ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి చూసింది.

స్వప్న ఉరికొచ్చేసరికి మడి బురదగుంటయింది.

"ఏం జేసినవే అక్కా! వారంల నాట్లు. మిర్యాలగూడ దాకా తిరిగినా నారు దొరకదు. ఈ ఏడు మేమేం తినాలె?"

"నా మడికి గండి కొట్టినప్పుడు యాదికి రాలేదా?"

"నా పిల్లల మీద ఒట్టు, నీ గట్టు తొక్కలే. పోయినేడు గూడ గిదే చెప్పిన. ఇన్నవా నువ్వు?"

ఇంతలో పక్కనే పార పట్టుకుని తమ మడి గట్టు సరిచేస్తున్న స్వరూప భర్త నరేందర్ కేకేశాడు. "గీడికి రా జర."

అతను తవ్విన బొక్కలోంచి ఇంత లావు ఎండ్రకాయ అడ్డంగా పాకుతూ బయటికొచ్చింది.

"ఎవరూ గండి కొట్టలే. గిదే తొలిచింది."

"మరి పోయినేడు?" అడిగింది స్వరూప.

నరేందర్ తల దించుకున్నాడు. "అప్పుడు సూడలే. మట్టేసి తొక్కిన."

స్వరూప గట్టు మీద కూలబడింది. ఏడాది పగ ఎండ్రకాయతోనా? కంట్లో మాత్రం తడి లేదు.

"నా నారుల సగం పట్కపో," అంది చివరికి.

"మరి నీకు?"

"సగం పొలం బీడు పెడత. తప్పు నాదే చెల్లే."

స్వప్న చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని అక్క మడిలోకి దిగింది, బొక్కలో మట్టి వేసి మడమతో గట్టిగా తొక్కింది.

"కూసుంటే అయితదా? ముందుగాల నీళ్లు పెట్టు. నీ నారు గూడ ఎండితే ఇద్దరం ఖతం."

ఏడాదిగా రాని ఏడుపు స్వరూపకు అప్పుడొచ్చింది.