రిపోర్టు ఇవ్వని అబ్బాయి

"ఆ ఏసీ కాస్త ఆపుతారా?"

ఆమె నాతో అన్న మొదటి మాట అదే. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. మా ల్యాబ్‌కు వచ్చినవాళ్ళంతా ఏసీ కింద కుర్చీ కోసం పోటీ పడుతుంటే, ఈమె స్వెటర్ వేసుకుని వణుకుతోంది.

"కుదరదండీ. వేడెక్కితే మెషీన్లు పాడైపోతాయి."

"మనుషులు గడ్డకట్టుకుపోయినా ఫరవాలేదన్నమాట!"

గొంతు బొంగురుపోయింది కానీ మాటకు పదును తగ్గలేదు. రక్తం తీయడానికి చెయ్యి పట్టుకున్నాను. మంచులా చల్లగా ఉంది. చర్మం పొడిబారింది. నాడి చూస్తే నిమిషానికి యాభై రెండే, ఆటగాళ్ళ నాడిలా నెమ్మది.

"మీరు అథ్లెటా?"

"స్విమ్మింగ్ కోచ్‌ని. ఈమధ్య గట్టున కుర్చీలో కూర్చునే కోచ్‌ని."

నీళ్ళంటే భయపడే పెద్దవాళ్ళకు ఈత నేర్పుతుందట. గొంతు పోయాక ఈలతోనే పాఠాలు. అందుకే అందరూ విజిల్ అక్క అంటారట. ఆరు నెలలుగా ఎంత నిద్రపోయినా చాలడం లేదు, ఒళ్ళు బరువెక్కింది. నాన్నగారు మాత్రం "బద్ధకం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

"ఈ టెస్టులో కూడా ఏమీ లేదంటే ఉద్యోగం మానేస్తాను. నీళ్ళలో దిగలేని కోచ్‌ని నమ్ముకుని ఎవరు దిగుతారు చెప్పండి?" అని తల తిప్పుకుంది.

మధ్యాహ్నం మెషీన్ చెప్పిన జవాబు చూసి తెల్లబోయాను. థైరాయిడ్ హార్మోన్ బాగా ఎక్కువ, ఆ గ్రంథిని పని చేయించే టీఎస్‌హెచ్ దాదాపు సున్నా. మన ఒంటి వేగమంతా ఆ హార్మోన్ చేతిలోనే ఉంటుంది. ఎక్కువైతే గుండె దడదడలాడుతుంది, చెమటలు పోస్తాయి, మనిషి చిక్కిపోతాడు. తక్కువైతే అన్నీ నెమ్మదిస్తాయి. కాగితం ప్రకారం ఆమె ఫ్యాన్ కింద కూర్చుని విసురుకోవాలి. నేను చూసిన మనిషేమో స్వెటర్‌లో వణికింది.

ట్యూబు మీద పేరు సరిచూశాను. మళ్ళీ నడిపించాను. మళ్ళీ అదే అంకె.

సాయంత్రం రిపోర్టు కోసం వచ్చింది.

"ఇవాళ ఇవ్వలేనండీ. అదీ... మీకు జుట్టు ఊడుతోందా?"

కౌంటర్ దగ్గర అందరి తలలూ ఇటు తిరిగాయి.

"రిపోర్టు అడిగితే జుట్టు సంగతెందుకండీ? మాట కలపడానికి ఇంతకంటే మంచి టాపిక్ దొరకలేదా?"

నా చెవులు వేడెక్కాయి. "అయ్యో, అందుక్కాదండీ! జుట్టు కోసం మాత్రలేమైనా వేసుకుంటున్నారా అని."

ఆమె బ్యాగులోంచి సీసా తీసింది. బయోటిన్ అనే విటమిన్, అదీ పెద్ద మోతాదు.

"ఇదీ దొంగ! మా టెస్టులో కూడా బయోటిన్ వాడతారు. రక్తంలో ఎక్కువుంటే మెషీన్ మోసపోయి లెక్క తారుమారు చేస్తుంది. డాక్టర్‌గారితో మాట్లాడాను. ఇలాంటిదేమైనా వేసుకుంటుంటే మూడు రోజులు ఆపి రమ్మన్నారు."

"అదే రిపోర్టు ఇచ్చేసి ఉంటే?"

"హార్మోన్ తగ్గించే మందు మొదలయ్యేదేమో. మీకు ఉన్నదే తక్కువని నా అనుమానం."

ఆమె కోపం ఎటు పోయిందో తెలియదు. సీసా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

నాలుగో రోజు టీఎస్‌హెచ్ ఎనభై ఆరు వచ్చింది. నాలుగైదు దాటకూడనిది! హార్మోన్ తక్కువైతేనే అది అలా పెరుగుతుంది. డాక్టరమ్మ ఆమె మెడ తడిమి, ఇంకో టెస్టు చేయించి, ఒళ్ళే తన గ్రంథి మీద పొరపాటున దాడి చేస్తోందని చెప్పింది. రోజూ పరగడుపున ఒక థైరాక్సిన్ మాత్ర, గంట దాకా కాఫీ కూడా వద్దు, ఆరు వారాలకు మళ్ళీ టెస్టు.

బయటికొచ్చి నన్ను చూడగానే ఆమెకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"బద్ధకం కాదటండీ," అంది. ఆ ఒక్క మాటే రెండుసార్లు అంది.

మరుసటి వారం నేను ఈత క్లాసులో చేరాను. నీళ్ళంటే నాకు నిజంగానే భయం. అది అక్కడ ఎవరూ నమ్మలేదు.

"మా కోచ్‌కి రక్తం తీశాడు, ఇప్పుడు ప్రాణం తీయడానికొచ్చాడు," అంది రిటైరైన టీచరమ్మ.

ఆ టీచరమ్మే మొదటి రోజు కమ్మీ వదలనని ఏడ్చిందట. విజిల్ అక్క ఒక్కసారి కూడా విసుక్కోలేదు. గట్టు మీద బోర్లా పడుకుని, ఆమె వీపు కింద చెయ్యి పెట్టి, "నేనున్నాగా, టీచరమ్మా," అంటూ గంటసేపు అలాగే ఉండేది. తన ఒంట్లో ఓపిక లేని రోజుల్లో కూడా! ఆ సంగతి విన్నాక నాకు నీళ్ళ భయం తగ్గలేదు కానీ, క్లాసు మానాలన్న ఆలోచన పోయింది.

ఆరు వారాలకు అంకె పన్నెండు. డాక్టరమ్మ మోతాదు పెంచింది. మరో ఆరు వారాలకు రెండున్నర! ఆ సాయంత్రం వాన మొదలైంది. అందరూ షెడ్డు కిందికి పరుగెత్తితే, ఆమె నీళ్ళలోకి దూకి ఆగకుండా పది లెంగ్తులు కొట్టింది. పైన వాన, కింద నీళ్ళు, మధ్యలో ఆమె నవ్వు. నేను గొడుగు తెరవడం కూడా మరిచిపోయి చూస్తూ ఉండిపోయాను.

గట్టెక్కి నా పక్కన కూర్చుంది.

"ఈ మాత్ర జీవితాంతం వేసుకోవాలట. పెళ్ళిచూపులకొచ్చే వాళ్ళకి చెప్పొద్దంటోంది మా అమ్మ."

"నాకు చెప్పేశారుగా."

"మీరేమైనా పెళ్ళిచూపులకొచ్చారా?"

"మూడు నెలలుగా వస్తూనే ఉన్నాను. మీరే గమనించలేదు." గుండె చిక్కబట్టుకుని అనేశాను. "పొద్దున లేవగానే నాకు కళ్ళజోడు కావాలి. మీకు మాత్ర కావాలి. అంతేగా?"

ఆమె జవాబు చెప్పేలోపు వెనక ఎవరో దగ్గారు. గొడుగు పట్టుకుని వాళ్ళ నాన్నగారు!

"రిపోర్టు ఇవ్వకుండా ఆపింది నువ్వేనా, బాబూ?"

లేచి నిలబడ్డాను. "అవునండీ."

"కన్నవాణ్ణి, ఆరు నెలలు పక్కనే ఉండి బద్ధకమన్నాను. నువ్వు ఒక్కసారి చూసి, మెషీన్‌ని కాదని మా అమ్మాయిని నమ్మావు. ఇప్పుడు రోజూ పొద్దున్నే నేనే లేచి మాత్ర, మంచినీళ్ళు చేతికిస్తున్నాను. తప్పు దిద్దుకుంటున్నాననుకో. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకుంటే, ఆ పని నీకు అప్పగించాలనుంది."

నేను ఆమె వైపు చూశాను. ఆమె తల వంచుకుని, తడి చేత్తో నా చిటికెన వేలు పట్టుకుంది.

"అప్పగించండి, మామయ్యగారూ," అన్నాను.