అత్తగారి పిన్నీసు

"నీ చెయ్యి పడితే ఏదీ బతకదు కదే! మనుషులే బతకలేదు, మిషనెంత!"

వెనక వసారాలో ఊగుడు కుర్చీలో కూర్చుని ఎర్సిలియా అన్న మాటకి కోడలు నెరెయ్డా తలెత్తలేదు. వాషింగ్ మెషిన్ గుర్రుమంటోంది గానీ తిరగడం లేదు! సబ్బు నీళ్ళలో ఐదేళ్ళ కూతురు దారియెలా గౌన్లు మునిగి ఉన్నాయి. పసుపు గౌను, చుక్కల గౌను, పుట్టినరోజుకి తను రాత్రుళ్ళు కూర్చుని కుట్టిన తెల్ల గౌను... మధ్యాహ్నం భోజనాల వేళకి ఆడబిడ్డ యుదెల్కా రాజధాని నుంచి కారులో వస్తుంది. దారియెలాని తీసుకుపోతుంది. సెలవులకి కాదు... పిల్లల్లేని ఆవిడ, పెంచుకోవడానికి! కన్నకూతుర్ని ఇంకొకరి చేతిలో పెట్టడానికి ఆ గౌన్లు ఉతికి, ఆరేసి, మడతపెట్టి, పెట్టె సర్దాల్సింది మాత్రం కన్నతల్లే! ఇంతకన్నా ఘోరం ఇంకేముంటుంది?

ఆ ఇంట్లో ఈ అన్యాయం మొదలై ఏళ్ళయింది. నెరెయ్డాకి మొదట పుట్టింది నోయెమీ. బుగ్గలు పుణికితే పాలు కారతాయా అన్నట్టుండేది. ఆ ఊళ్ళో పిల్ల పుట్టగానే దిష్టిపూస కడతారు. పిడికిలి ఆకారంలో చెక్కిన చిన్న నల్లరాయి, పక్కనే ఒక ఎర్రపూస. నోయెమీ మణికట్టుకి ఎర్సిలియా తన చేత్తోనే కట్టింది. ఒకనాటి సాయంత్రం పిల్ల ఒళ్ళు కాలిపోతోంది, చూస్తే మణికట్టు బోసిగా ఉంది! పూస ఎక్కడని అడిగితే, "పొద్దున స్నానం చేయించింది నువ్వు, నన్నడుగుతావేం?" అంది అత్తగారు. ఇల్లంతా వెతికారు, దొరకలేదు. జ్వరం మెదడుకెక్కిందన్నారు ఆసుపత్రిలో. పిల్ల దక్కలేదు.

చనిపోయిన వాళ్ళ కోసం ఇంట్లో తొమ్మిది రోజులు జపం చెప్పుకోవడం అక్కడి ఆచారం. ఆ తొమ్మిదో రోజున, వీధి వీధంతా కుర్చీల్లో కూర్చుని ఉండగా, కాఫీ కప్పులు అందరి చేతుల్లో ఉండగా, ఎర్సిలియా లేచి నిలబడి అంది: "నాలుగక్షరాలు చదువుకున్నదాన్నని నా కోడలికి మిడిసిపాటు! దిష్టిపూస పాతకాలపు మోటు వస్తువని తీసి పారేసింది. నా బంగారాన్ని దిష్టి తినేసింది!" నేను తియ్యలేదు, తియ్యలేదని నెరెయ్డా నేల మీద పడి ఏడ్చినా ఎవరు నమ్మారు? కట్టుకున్నవాడే నమ్మలేదు! రాదామెస్ ఆ రోజు భార్య వైపు చూసిన చూపు... ఆ తర్వాత మళ్ళీ సరిగ్గా చూస్తే కదా!

దారియెలా పుట్టగానే ఎర్సిలియా తన గదిలోకి తీసుకుపోయింది. స్నానం ఆవిడ చేతిమీదే, తిండి ఆవిడ చేతిమీదే, పడక ఆవిడ పక్కనే. పాలు పట్టడానికి మాత్రం తల్లి! పొద్దున లేవగానే పిల్లలు పెద్దల్ని "దీవెన" అని అడగాలి, వాళ్ళు "దేవుడు నిన్ను దీవించుగాక" అనాలి, అది అక్కడి ప్రతి ఇంట్లో ఉన్నదే. దారియెలా రోజూ నాయనమ్మ ముందు నిలబడి "దీవెన, అమ్మా" అంటుంది. కన్నతల్లిని అందరూ ఎలా పిలుస్తారో అలాగే "నెరెయ్డా" అంటుంది. దీవెన అడగదు. తన బిడ్డని దీవించడానికి కూడా ఆ తల్లికి నోరు లేకుండా చేశారు! ఇప్పుడు నాయనమ్మకి మోకాళ్ళు పట్టేసి పిల్ల వెంట పరిగెత్తలేకపోతోంది. అయినా తల్లికి అప్పగించడానికి మనసు రాలేదు. అందుకే యుదెల్కా.

"గుడ్లప్పగించి చూస్తావేం? ఆ మిషనుకి కూడా జపం పెట్టించమంటావా?" అంది ఎర్సిలియా.

"కరెంటు తక్కువ వస్తోందేమో చూస్తున్నా అత్తయ్యా."

"ఫ్యాను గిర్రున తిరుగుతోంది, కనబడ్డం లేదూ? దొంగకి వంకలెక్కువ!"

నిజమే, ఫ్యాను బాగానే తిరుగుతోంది. నెరెయ్డా ప్లగ్గు పీకేసింది. ఆ ఇంట్లో ఇస్త్రీపెట్టె దగ్గర్నుంచి ఏది చెడినా విప్పి చూసేది ఆమే, తిట్లు తినేదీ ఆమే. గౌన్లు తీసి బకెట్లో వేసింది. కుళాయి నీళ్ళొచ్చే రోజు మళ్ళీ ఎప్పుడో! ఆ సబ్బు నీళ్ళలోనే తెల్లవి, తర్వాత రంగువి, ఆఖర్న మసిగుడ్డలు ఉతుక్కోవాలి. ఒక్క చుక్క పారబొయ్యకుండా గొట్టం డ్రమ్ములోకి వంచి నీళ్ళన్నీ దింపింది. మిషను వెనక్కి తిప్పి రేకు విప్పింది. బెల్టు తెగలేదు, సడలనూ లేదు. దాని చక్రాన్ని చేత్తో తిప్పబోతే కదల్లేదు.

"మోటారుది కాదు. బట్టలు తిప్పే పళ్ళెం కిందేదో ఇరుక్కుంది," అంది తనలో తను.

"నీ పుర్రెలో ఇరుక్కుంది ఏదో! విప్పుతావు, పాడుచేస్తావు, మా వాడు కొత్తది కొని తగలేస్తాడు. కొడుకుని కనివ్వలేదు గానీ ఖర్చులు మాత్రం..."

నెరెయ్డా పెదవి కొరుక్కుంది. గౌన్లు ఉతకడం ఆగినంత మాత్రాన పిల్ల ప్రయాణం ఆగదు. అయినా ఆ మిషను తిరగాలని ఎందుకంత పట్టుదలో ఆమెకే తెలీదు. తల్లి చేసి పంపే ఆఖరి పని కదా, మురికి బట్టలతో పంపిందనిపించుకోకూడదు... అంతే కాబోలు!

తొట్టి అడుగున పళ్ళేనికి నడుమ ఉన్న మరమేకు తుప్పు పట్టింది. వేణ్ణీళ్ళు పోసింది, వెనిగర్ పోసి నానబెట్టింది. భర్త టాక్సీ డిక్కీలోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి బలమంతా పెట్టి తిప్పితే కిర్రుమని ఊడింది. పళ్ళెం మాత్రం రాలేదు. పాత దుప్పటి చింపి రెండు పీలికలు అంచుల కిందికి చెరోవైపు దూర్చి, రెండు చేతులా పట్టి పైకి లాగింది. అరచేతులు ఎర్రగా కందిపోయాయి.

అప్పుడే వీధిలో కారు హారన్. యుదెల్కా వచ్చేసింది! అదే సమయానికి రాదామెస్ కూడా భోజనానికి వచ్చాడు.

"ఇంకా పెట్టె సర్దలేదా?" యుదెల్కా వసారాలోకి వచ్చి ముక్కు చిట్లించింది. "నెరెయ్డా, పిల్ల నా దగ్గర సుఖంగా ఉంటుంది. నువ్విలా కావాలని ఆలస్యం చేస్తే దానికేం ఒరుగుతుంది చెప్పు? నీకు ఒకదాన్ని చూసుకోవడం రాలేదు. ఇదైనా బతకనీ!"

రాదామెస్ ఆ మాట విన్నాడు. విని, తలొంచుకుని చేతులు కడుక్కుంటూ నిలబడ్డాడు. నెరెయ్డా ఒక్క క్షణం అతన్నే చూసింది. ఒక్క మాట... "అలా అనకు అక్కా" అన్న ఒక్క మాట! రాలేదు. ఆమె పళ్ళు బిగించి పీలికల్ని ఇంకోసారి లాగింది. పళ్ళెం టపుక్కున ఊడి చేతిలోకొచ్చింది.

కింద ఏళ్ళ తరబడి పేరుకున్న నూలుపీచు, వెంట్రుకలు, ఒక గుండీ. వాటి నడుమ నోరు తెరుచుకుని అడ్డం పడిన పెద్ద ఇత్తడి పిన్నీసు. మిషన్ని ఆపింది అదే! వేలితో పీచు తీసింది. పిన్నీసుకి ఒక ఎర్రదారం ముడివేసి ఉంది. దారానికి ఎర్రపూస. దాని పక్కన... చిన్న నల్ల పిడికిలి!

నెరెయ్డా అరవలేదు. ఆ పూసని తన గౌను అంచుతో తుడిచింది. దారం తెగిపోయింది కాదు, కత్తెరతో కత్తిరించింది. పూసలు జారకుండా రెండు కొసలూ జాగ్రత్తగా కలిపి ముడేశారు. పారేసేవాళ్ళు ముడేస్తారా? పోగొట్టుకున్నవాళ్ళు పిన్నీసు పెడతారా?

ఆమె లేచి ఊగుడు కుర్చీ దగ్గరికి నడిచింది. ఎర్సిలియా ఏప్రాను జేబులోంచి తాళాలు బయటికి వేలాడుతున్నాయి. ఆవిడకి ఏది దాచుకోవాలన్నా జేబు లోపలి వైపు ఇత్తడి పిన్నీసుతో గుచ్చుకోవడం అలవాటు. తాళాలు, జపమాల, మందుబిళ్ళల పొట్లం, అన్నీ అలాగే. ఆ ఇంట్లో ఆ పిన్నీసులు ఇంకెవరికీ లేవు. ఆ ఏప్రాన్లు కూడా ఎవర్నీ ముట్టుకోనివ్వదు, తనే మిషన్లో వేసుకుంటుంది.

"ఇదెవరిది అత్తయ్యా?"

కుర్చీ ఊగడం ఆగిపోయింది.

"అమ్మా..." అన్నాడు రాదామెస్. అతను కూడా ఆ పిన్నీసుని గుర్తుపట్టాడు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నవాడు, గుర్తుపట్టడూ!

"దారం బిగుతైపోయింది నాన్నా," అంది ఎర్సిలియా. "పిల్ల మణికట్టు మీద గీత పడింది. నిద్రపోతుంటే కత్తిరించాను. కొత్త దారం వేసి కడదామని జేబులో గుచ్చుకున్నాను. పొయ్యి మీద బీన్స్ మాడిపోతున్నాయని లేచాను... మర్చిపోయాను. అంతే నాన్నా, మర్చిపోయాను! ఏప్రాను ఉతికేశాను."

"ఎప్పుడు గుర్తొచ్చింది?" అంది నెరెయ్డా.

ఆవిడ కొడుకు వైపు చూసింది.

"ఎప్పుడు గుర్తొచ్చింది అత్తయ్యా?"

"సమాధి దగ్గర్నుంచి వచ్చిన రోజు. జేబులో చెయ్యి పెడితే చిరుగు తగిలింది."

అంటే తొమ్మిదో రోజుకి ముందే! వీధంతా వినేలా లేచి నిలబడినప్పుడు ఆవిడకి అన్నీ తెలుసు!

"ఏం చెయ్యనే మరి!" ఎర్సిలియా ఒక్కసారిగా భోరుమంది. "నా చేత్తో తీశానని తెలిస్తే వాడు మళ్ళీ నన్ను అమ్మా అని పిలుస్తాడా? నువ్వు చిన్నదానివి, మళ్ళీ కంటావు, ఓర్చుకుంటావనుకున్నాను..."

"నేను ఆ రోజు డాక్టరు చెప్పింది విన్నాను అత్తయ్యా. జ్వరం చంపింది నా బిడ్డని, పూస కాదు. మీరు నిజం చెప్పుంటే మీ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చేదాన్ని. ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం! మిమ్మల్ని అమ్మా అని పిలిచేవాడు దూరమవుతాడని, నన్ను అమ్మా అని పిలిచే నోరే లేకుండా చేశారు కదా... ఇదేం మనసు అత్తయ్యా మీది!"

యుదెల్కా హ్యాండ్‌బ్యాగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "అయిందేదో అయింది. పాత సంగతులు తవ్వుకుంటే పోయిన పిల్ల వస్తుందా? నాకు చీకటి పడకముందే వెళ్ళాలి. దారియెలాని పిలవండి."

"పిల్ల రాదక్కా." రాదామెస్ గొంతు ఎవరిదోలా ఉంది. "నువ్వెళ్ళు."

"ఏంట్రా!"

"వెళ్ళమంటున్నాను!"

యుదెల్కా విసురుగా వెళ్ళిపోయింది. రాదామెస్ భార్య ముందు మోకాళ్ళ మీద కూలబడి ఆమె తడి చేతులు పట్టుకున్నాడు. "నన్ను క్షమించు" అన్నాడు. ఎన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట! తీరా వచ్చాక అది ఎక్కడ పెట్టుకోవాలో నెరెయ్డాకి తోచలేదు. "లే. అన్నం చల్లారిపోతోంది," అని చేతులు విడిపించుకుంది.

తర్వాత ఆమె అత్తగారి మీదికి వంగింది. ఎర్సిలియా కొడుతుందేమోనని మొహం పక్కకి తిప్పుకుంది. నెరెయ్డా పిన్నీసు నోరు నొక్కి సరిచేసి, ఆ నల్ల పిడికిలిని ఆవిడ ఏప్రాను మీద, గుండె దగ్గర, అందరికీ కనబడేలా గుచ్చింది.

"ఇది మీదే. ఇకమీదట జేబులో కాదు, బయట పెట్టుకోండి. ఇదేమిటని అడిగిన ప్రతివాళ్ళకీ మీ నోటితో మీరే చెప్పండి. నేను తీసేదాకా తియ్యకండి."

ఆవిడ తలూపింది. ఆ మాట కాదనే అర్హత తనకి లేదని ఆవిడకీ తెలుసు.

నెరెయ్డా పళ్ళెం కింద శుభ్రంగా తుడిచి, చుక్క నూనె వేసి, మర బిగించింది. డ్రమ్ములోని సబ్బు నీళ్ళు బకెట్టుతో తిరిగి పోసింది. ప్లగ్గు పెట్టగానే మిషను గలగలమంటూ తిరిగింది. పసుపు గౌను, చుక్కల గౌను, తెల్ల గౌను... పెట్టెలోకి కాదు, ఇంట్లో అలమారులోకే!

ఎండ వాలే వేళకి దారియెలా కళ్ళు నలుపుకుంటూ వచ్చింది. కారు తనని వదిలేసి పోయిందని ఏడ్చి ఏడ్చి పడుకుంది పాపం! అత్త ఇంట్లో తనకి బొమ్మల గది ఉందన్నారు మరి. కోపంగా తీగ మీది గౌను పట్టుకు గుంజింది.

"నెరెయ్డా, నా పసుపు గౌను ఇంకా ఆరలేదా?"

"పేరు పెట్టి పిలవకే," అంది ఎర్సిలియా కుర్చీలోంచి. ఆవిడ గొంతులో పొద్దుటి అధికారం లేదు. "అమ్మా అను. అది మీ అమ్మ. వెళ్ళి దీవెన అడుగు."

పిల్ల ఆ ముసలి మొహాన్ని, గుండె మీది నల్లపూసని, తీగ దగ్గర కదలకుండా నిలబడిపోయిన మనిషిని మార్చి మార్చి చూసింది.

"మరి నువ్వెవరివి?"

ఎర్సిలియా చెయ్యి పూస దాకా వెళ్ళి, దాన్ని తాకకుండానే ఒళ్ళోకి జారిపోయింది.

"దీవెన... అమ్మా," అంది దారియెలా, అన్నది సరిపోయిందా లేదా అని నాయనమ్మ వైపే చూస్తూ.

"దేవుడు నిన్ను దీవించుగాక తల్లీ! దేవుడు నిన్ను దీవించుగాక!" నెరెయ్డా తడి గౌనుతో సహా పిల్లని గుండెకి హత్తుకుంది. ఇన్నేళ్ళ దీవెనలూ ఒక్కసారే అయిపోవాలన్నట్టు మళ్ళీ మళ్ళీ అంది. పిల్ల చేతులు మాత్రం నాయనమ్మ కుర్చీ వైపే చాచి ఉన్నాయి...

కుర్చీలో ముసలావిడ గుడ్లనీరు గుడ్లలోనే కుక్కుకుంటూ ఎదురుచూస్తోంది, కోడలు ఒక్కసారి ఇటు చూస్తుందేమో, పిన్నీసు తీస్తుందేమోనని. నెరెయ్డాకి జాలి కలక్కపోలేదు. పిల్లని చంకన వేసుకుని ఆవిడ పక్కనుంచే లోపలికి వెళ్ళింది.

పిన్నీసు మాత్రం తియ్యలేదు.