బోర్లా పెట్టిన రాయి

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో ఏమేమి వస్తాయో నన్నడగండి, చెప్తాను. కోళ్లు వస్తాయి, మేకపిల్లలు వస్తాయి, శిరివెళ్లలో ఎక్కి భుజం మీద తల వాల్చే ముసలాయనలు వస్తారు. సర్వీసంతా ఆ రూటులోనే కండక్టరుగా చేసి దిగినవాణ్ణి. అయినా దిండు గలీబులో పాము రావడం మాత్రం మొన్న తుఫాను వానల్లోనే చూసినాను.

తెచ్చింది మా అక్క కూతురు దీవెన. నంద్యాలలో ఒక ఆసుపత్రి ల్యాబులో పని చేస్తుంది. కుందూ నది పొంగి నీళ్లు వాళ్ల వీధిలోకి వచ్చినాయి. కింద గది ఆ పిల్లది.

"మామా, నీళ్లు తీసేదాకా కంకిని నీ దగ్గర పెట్టుకో" అనింది, మా ఇంటికొచ్చి గలీబు నా ఒళ్లో పెడతా.

"కంకి ఏందీ? మొక్కజొన్నలు తెచ్చినావా?"

"పాము మామా."

నేను లేవాలనుకున్నాను. ఒళ్లో గలీబు, ఎట్లా లేచేది?

"అరుస్తారేమోనని బస్సులో ఎవరికీ చెప్పలేదు. విషం లేదు, కరవదు. అమెరికా జాతి, మొక్కజొన్న పామంటారు. దానికి కాగితాలన్నీ ఉండాయి."

"నాకే పాస్‌పోర్టు లేదు మే. దీనికి కాగితాలా?"

ఆ పిల్ల నవ్వింది. మా బావ పోయినాక ఆ నవ్వు కోసం మేమెంత చేసినామో మాకు తెలుసు. మాతో ముభావంగా ఉండే పిల్ల, రాత్రిళ్లు ఆ పాముతో మాత్రం పగలంతా ఏం జరిగిందో చెప్పుకునేదంట. ఇంక నేను కాదంటానా? పెట్టుకున్నాను. రెండు రోజులు దూరం నుంచి చూసినాను, తర్వాత దగ్గర్నుంచి చూసినాను. ఎంత అందంగా ఉంటుందనుకున్నారు. నారింజ రంగు ఒళ్లు, మీద ఎర్ర మచ్చలు, పొట్ట కింద గింజలు పేర్చినట్టు నలుపూ తెలుపూ గళ్లు. నీళ్లు తాగేటప్పుడు దవడలు ఆడేది చూస్తే నాకు మా తాత కాఫీ తాగడం గుర్తొచ్చేది.

దానికో గాజు పెట్టె, అదీ బస్సులోనే వచ్చింది. పెట్టె కింద ఒక కొసన వేడి పట్టీ, ఆ వేడి మితి మీరకుండా ఆపే చిన్న మీట. రెండో కొస చల్లగా ఉండాలి. ఏ పక్క కావాలంటే ఆ పక్కకు అదే పోతుంది. మూలకు ఒక డబ్బా, అందులో తడిపిన నాచు. తెచ్చిన రోజే దీవెన ఇవన్నీ అమర్చి, దాని కళ్లు చూపించింది. రెండూ నీలంగా, పాలు కలిపిన నీళ్ల మాదిరి ఉన్నాయి.

"కుబుసం విడవబోతాంది మామా. ముట్టుకోవద్దు, మేత పెట్టొద్దు, చర్మం ఊడతా ఉంటే నువ్వు పీకొద్దు. వెచ్చగా, తడిగా ఉంటే చాలు. పోయినసారి ఒళ్లు చల్లబడి ముక్కలు ముక్కలుగా ఊడింది. కుడి కంటి మీద పొర అట్లే నిలిచిపోయింది. ఈసారి దాని మీద ఇంకో పొర అతుక్కుంటే..."

"ఏమైతాది?"

"కన్ను పోతాది. వేడి ఎక్కువైతే ప్రాణమే పోతాది. ఏ వేడైనా గాజుకు బయటే పెట్టాల, లోపల పెట్టొద్దు."

అంత చెప్పి, డ్యూటీకి నంద్యాల బస్సెక్కింది. కిటికీలోంచి నాకు కాదు, కంకి ఉన్న మా ఇంటి వైపు చెయ్యి ఊపింది.

మా ఇంటి పక్కనే శిల్పి వరదరాజులు కార్ఖానా. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా ఉలి చప్పుడే. దేవుళ్లను చెక్కుతాడు, పోయినవాళ్ల విగ్రహాలూ చెక్కుతాడు. ముక్కు, చెవులు, చెవి కమ్మలు కూడా అయిపోయినా కళ్లు మాత్రం చెక్కడు. ఉడికిన గుడ్డులాగా నున్నగా వదిలేస్తాడు. కళ్లు తెరవడానికి వేరే ముహూర్తం. ఇంటివాళ్లు ఎదురుగా నిలబడాలి. ఆ లోపల రాయి పగిలిందా, దాన్ని నేల వైపు బోర్లా పెట్టి, తీరిక చూసుకుని మూలన పూడుస్తాడు.

"చూపు ఇయ్యని మొగాన్ని వెల్లకిలా పెట్టకూడదు యోబన్నా" అని టీ తాగతా ఒకసారి చెప్పినాడు.

"మా చర్చిలో ఇట్లాంటివి లేవులే రాజులూ" అని నేను ఊరికే నవ్వినాను. చిల్లర తర్వాత ఇస్తానని చెప్పి చెప్పి, వినకుండా వినడం అలవాటైన చెవులు నావి.

దీవెన పోయిన కొద్ది రోజులకు, ఒక సాయంత్రం వాన వంచి పోస్తోంది. వరదరాజులు పెళ్లికని అహోబిలం పోయినాడు. నా భార్య మేరీ పాణ్యంలో చెల్లెలింట్లో ఉంది. దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది. అడిగితే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చెట్టు కొమ్మ పడిందంట, తెల్లారేదాకా రాదన్నారు.

దీవెన ఫోను చేసింది. "మామా, కళ్లెట్లా ఉండాయి?"

"ఎడమది తేటపడింది. కుడిది అట్లే తెల్లగా ఉండాది. ఇక్కడ కరెంటు పోయింది."

"అయితే ఈ రాత్రికే విడుస్తాది. ఇప్పుడే చల్లబడకూడదు మామా... ఇప్పుడే."

ఆ గొంతు విన్నాక నేను కూర్చోలేదు. నీళ్లు కాచి సీసాల్లో పోసి గాజుకు ఆనించినాను. ఆ చలిగాలికి అవి ఎంతసేపు నిలుస్తాయి? పెట్టెలో బ్యాటరీతో నడిచే వేడి మీటరు ఒకటుంది, అందులో అంకె దిగిపోతా ఉంది. ఇంట్లో తిరిగినాను, వసారాలోకి పోయినాను, మళ్లా వచ్చినాను. అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. బాలింతలకు ఇటుక కాల్చి, గోనెలో చుట్టి, పక్కన పెట్టేది. ఇటుక కంటే రాయి ఇంకా బాగా వేడి పట్టుకుంటుంది కదా. పక్కన రాళ్లకేం కరువు?

గొడుగేసుకుని కార్ఖానాలోకి పోయినాను. రేకుల కింద మసక చీకటి, తడిసిన రాతి పొడి వాసన. మూలన ఒక గుండ్రటి రాయి, చెంబు కంటే పెద్దది, బిందె కంటే చిన్నది, పొడిలో సగం దిగి ఉంది. పైన నున్నగా ఉంది. ఏ స్తంభం మీదికో చేసిన గుండేమో అనుకున్నాను. ఎత్తి, అట్లే గోనెలో వేసుకుని వచ్చినాను.

చీకట్లో నీళ్ల పొయ్యి నిప్పుల్లోకి దాన్ని అట్లే బోర్లించి, బాగా కాగనిచ్చి, తడి గోనెతో మూడు నాలుగు చుట్లు చుట్టి, గాజుకు బయట ఆనించినాను. చెయ్యి పెట్టి చూసినాను. హాయిగా ఉంది. మీటరులో అంకె మెల్లగా పైకొచ్చి, ఎక్కడుండాలో అక్కడ నిలబడింది. నాకు నేనే శభాష్ అనుకున్నాను.

కంకి డబ్బాలోంచి బయటికొచ్చింది. పెట్టెలోని కట్టెకు ముక్కు రుద్దింది. పెదవి దగ్గర చర్మం లేచింది. సన్నగా, ఉల్లిపొర చీలినట్టు... సర్... సర్... అని చప్పుడు. కొవ్వొత్తి వెలుగులో కొత్త నారింజ రంగు తొంగి చూస్తా ఉంది. దీవెన ఈ పక్కనే ఉంటే బాగుండునే అనుకుంటా కూర్చున్నాను.

అప్పుడు వాసన వచ్చింది.

ఆముదం వాసన. ముసలమ్మలు తలకు రాసుకునే ఆముదం. మా ఇంట్లో అది లేదు, మేరీకి ఆ వాసన పడదు.

కిటికీ చూసినాను. మూసే ఉంది. బయట వాన తగ్గింది. ఆ నిశ్శబ్దంలో...

టిక్.

కార్ఖానాలోంచి. టిక్... టిక్... ఉలి చప్పుడు. పెద్ద సుత్తితో కాదు. కళ్ల దగ్గర పని చేసేటప్పుడు వరదరాజులు వాడే చిన్న సుత్తి, అంత మెత్తగా.

రేకుల మీంచి నీళ్లు కారుతున్నాయిలే అనుకున్నాను. మీటరు చూసినాను.

అంకె పైకి పోతోంది.

పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది. రాయి ఈపాటికి చల్లబడాలి. గోనె మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసినాను. పొయ్యిలోంచి తీసినప్పటి కంటే వేడిగా ఉంది. గోనెలోంచి ఆవిరి లేస్తోంది. 'వేడి ఎక్కువైతే ప్రాణమే పోతాది...'

పాము చల్లటి కొసకు పోవాలి కదా? పోలేదు. తల తెచ్చి ఆ రాయి వైపే గాజుకు ఆనించింది. కదలడం లేదు. నోరు కొంచెం తెరిచింది. ఊపిరి ఎగబీలుస్తోంది.

"కంకీ... ఈ పక్కకు రా అమ్మా..." అని గాజు మీద తట్టినాను.

తువ్వాలు చేతికి చుట్టి గోనె లాగినాను. రాయి బల్ల మీంచి జారింది. నేల మీద పడి, గోనె విడిపోయి, మెల్లగా దొర్లి... వెల్లకిలా ఆగింది.

మొహం.

ముసలమ్మ మొహం. ముక్కుపుడక, ముడతలు పడిన బుగ్గలు, కొంచెం తెరిచిన పెదవులు. మెడ దగ్గర విరిగింది. కళ్లు ఉండాల్సిన చోట రెండు నున్నటి గుడ్లు.

నేను ప్రార్థన మొదలుపెట్టినాను. పుట్టినప్పట్నుంచి చెప్పే ప్రార్థన, రెండో మాట గుర్తుకు రాలేదు.

నాకు చలికి వణుకొచ్చింది. "చలి..." అని ఎవరితో అన్నానో తెలీదు.

నా మోకాలి దగ్గర్నుంచి, చెవిలో చెప్పినంత మెల్లగా...

"సలి కాదు నాయనా... సీకటి."

కొవ్వొత్తి ఆరిపోయింది.

తర్వాత నేనేం చేసినానో వరసగా చెప్పలేను. గాజు పెట్టెను రెండు చేతులా ఎత్తుకుని లోపలి గదిలోకి పోయి గడియ వేసినాను. అది గుర్తుంది. గాజు చల్లారేదాకా చూసి, దాన్ని ఒళ్లో పెట్టుకుని, మీద దుప్పటి కప్పి, నా ఒంటి వేడి తగిలేట్టు గుండెకు హత్తుకుని కూర్చున్నాను. పెట్టెలో సర్ సర్ అని కదిలినప్పుడల్లా బతికే ఉందనుకున్నాను. తలుపవతల టిక్... టిక్... ఆగేది. నేను ఊపిరి తీసుకుంటే మళ్లా మొదలయ్యేది.

తెల్లారింది. కరెంటు వచ్చింది. దుప్పటి తీసి చూసినాను. కుబుసం తల నుంచి తోక దాకా ఒక్క ముక్కగా పడి ఉంది, మేజోడు విప్పినట్టు. పక్కన కంకి, కొత్త రాగి చెంబులాగా మెరుస్తా. కుడి కన్ను చూసినాను. తేటగా ఉంది. రెండు కళ్లూ తేటగా ఉన్నాయి. ఏడ్చినాను, దాచుకోవడమెందుకు?

దీవెనకు వీడియో ఫోను చేసినాను. ఆ పిల్ల కూడా ఏడ్చింది.

"మామా, కుబుసం తల కాడ చూపించు. కళ్ల పొరలు కూడా దాంట్లోనే ఊడి రావాల. అద్దాల మాదిరి రెండు, గుండ్రంగా."

వెలుగుకు పట్టి చూపించినాను. తల దగ్గర రెండు బొక్కలు ఉన్నాయి.

"పొరలు లేవు మామా."

"లేవు."

"అయితే ఇంకా కంటి మీదే ఉండాల."

"కళ్లు తేటగా ఉండాయి. నువ్వే చూడు."

చాలాసేపు చూసింది. "మరి యాడికి పోయినాయి?"

గడియ తీసి బయటికొచ్చినాను. రాయి పడినచోటే ఉంది. కిటికీ ఎండ దాని మొహం మీద పడింది. రాత్రి నున్నగా ఉన్న రెండు గుడ్ల మీద, నీటి చుక్కల మాదిరి ఏదో మెరుస్తోంది. పొలుసంత సన్నగా, గుండ్రంగా. ఒక్కో కంటి మీద ఒకటి. రాత్రంతా పెట్టె మూత వేసే ఉంది. పైగా నా ఒళ్లోనే ఉంది.

మధ్యాహ్నానికి వరదరాజులు వచ్చినాడు. గడప దాటకుండా నిలబడిపోయినాడు.

"దీన్ని తిప్పింది ఎవరన్నా?"

చెప్పినాను. ఆయన తిట్టలేదు. తిట్టింటే బాగుండేది.

"కొలిమిగుండ్ల పక్క పల్లె. రంగమ్మ అని ఒక పెద్దామె. కళ్లల్లో పొరలొచ్చి, చివరికి కొడుకుల మొగాలు కూడా తడిమి చూసుకునేదంట. ఆమె పోయినాక వాళ్లొచ్చి, మా అమ్మకు బొమ్మలోనన్నా మంచి కళ్లు పెట్టు సామీ అని అడిగినారు. కళ్ల దాకా వచ్చినాక మెడ విరిగింది. కొత్త రాయి మొదలుపెట్టినాను. ఇది పూడ్చాల్సింది, వాన పట్టుకునింది."

ఒక పొరను గోటితో లేపబోయినాడు. రాలేదు. వేలు వెనక్కి తీసుకుని, ఇంకో చేత్తో పట్టుకుని నిలబడినాడు.

"ఇంకా వెచ్చగా ఉండాది యోబన్నా" అన్నాడు మెల్లగా.

ఇద్దరం కలిసి కార్ఖానా మూలన లోతుగా తవ్వి బోర్లా పెట్టి పూడ్చినాం. ఆయన ఆయన మంత్రాలు చెప్పుకున్నాడు, నేను నా ప్రార్థన.

దీవెన వచ్చి కంకిని తీసుకుపోయింది. బాగా తింటోందంట, పెరుగుతోందంట. నాకు సంతోషమే. మొన్న మళ్లా కుబుసం విడిచింది. నంద్యాలలో, మేడ మీద కొత్త గదిలో, వేడి పట్టీ, తడి నాచు అన్నీ సరిగ్గా ఉండగా విడిచింది. ఫోటో పంపింది. ఒక్క ముక్కగా వచ్చింది. తల దగ్గర రెండు బొక్కలు.

"ఈసారి కూడా లేవు మామా. ఎందుకంటావ్?"

నాకేం తెలుసు, చిన్న జంతువు కదా, యాడో రాలిపోయుంటాయిలే అన్నాను.

ఈ మధ్య పొద్దున పూట మంచు బాగా పడుతోంది. కార్ఖానా వైపున్న మా కిటికీ అద్దం బయటి పక్కంతా తెల్లగా పట్టేస్తుంది. రెండు చోట్ల మాత్రం పట్టదు. గుండ్రంగా, పక్కపక్కన, ఒక పొట్టి మనిషి మొహం ఆనించినంత ఎత్తులో. లోపలి నుంచి అక్కడ వేలు పెట్టి చూసినాను.

వెచ్చగా ఉంది.