హోటలు ముందు గండి

తెల్లారి ఆరింటికల్లా కమలమ్మ పొయ్యి మీద పెనం పెట్టింది గానీ, ఒక్క అట్టూ సరిగా రావడం లేదు. నిన్న ఇదే వేళకి వాళ్ల హోటలు ముందు కారుని లారీ గుద్దేసింది. కారులో ఉన్న ఏంజెల్ అనే పిల్ల కమలమ్మ ఒళ్లోనే ప్రాణం వదిలింది.

రేపల్లెకి ఇవతల, తెనాలి రోడ్డు మీద ఉంది ఆ హోటలు. రెండేళ్ల కిందట రోడ్డు మధ్య డివైడర్ కట్టాక అవతలి వైపు బళ్లు ఆగడం మానేశాయి. బేరాలు పడిపోయాయని ఆమె భర్త వెంకటరత్నం మనుషుల్ని పెట్టి, హోటలుకి ఎదురుగా డివైడర్ పగలగొట్టించాడు. టిఫినుకి ఇటు తిరగండంటూ బాణం గుర్తుతో బోర్డు కూడా పెట్టాడు. రోడ్డు ఆఫీసువాళ్లు వచ్చారు, చూశారు, పెసరట్లు తిని ఏమీ ఎరగనట్టు పోయారు. ఆ గండి దగ్గర పోయిన ప్రాణాల్లో ఏంజెల్‌ది మూడోది.

కూతురి దేహం కోసం కర్లపాలెం నుంచి రేపల్లె ఆస్పత్రికి వచ్చిన జ్ఞానానందం, ఎనిమిదింటికి హోటలు వెతుక్కుంటూ వచ్చి కమలమ్మకి చేతులు జోడించాడు.

“నా బిడ్డ గొంతులో ఆఖరి చుక్క పోసిన తల్లివమ్మా! కారు నడిపిన నా అల్లుడు ఫిన్నీ ఉన్నాడే, వాడే చంపేశాడు దాన్ని. వాడి నిర్లక్ష్యమేనని పోలీసులూ రాశారు. మధ్యాహ్నం భూస్థాపన. మా గుమ్మం తొక్కితే కాళ్లిరగ్గొడతానని వాడికి చెప్పేశా.”

నిన్న భార్య చెయ్యి వదలనని రోడ్డు మీద పడి ఏడ్చిన ఆ కుర్రాడు కమలమ్మ కళ్లముందు మెదిలాడు. వెంకటరత్నం ఆమెకి కళ్లతో సైగ చేశాడు.

“పెద్దాయనకి కాఫీ పట్రా. లోపలికెళ్లు.”

“ఎళ్లను. ఏంటండీ ఆ సైగలు?” కమలమ్మకి ఒళ్లు మండిపోయింది. “అన్నయ్యగారూ, మీ అల్లుడిది తప్పు కాదండి. అక్కడ అసలు దారే లేదు. డివైడర్ పగలగొట్టింది మేమే. ఇటు తిరగమని బోర్డు పెట్టి పిలిచాం. పిలిస్తే తిరిగాడు.”

“నోర్ముయ్యవే! హోటలు మూతబడితే ఏం తింటాం?”

“రెండేళ్లుగా ఏం తింటున్నామో తెలీదా మీకు? ముగ్గురు పోయారు! ప్రతిసారీ నీళ్లచెంబు పట్టుకుని పరిగెత్తి పుణ్యాత్ములమనిపించుకున్నాం. పగలగొట్టినోళ్లకి ఈ చేతుల్తోనే అట్లు పోసి పెట్టాను. సిగ్గు లేదా మనకి?”

జ్ఞానానందం వెళ్లి వెంకటరత్నం చొక్కా పట్టుకున్నాడు. వెంకటరత్నం విడిపించుకోలేదు.

“నిజమేనండి,” అన్నాడు ఏడుస్తూ. “స్టేషనుకి నేనే వచ్చి చెప్తాను. ఇవాళే ఆ గండి పూడ్పిస్తాను.”

“నా బిడ్డని తెచ్చిస్తావా?” అని అరిచాడు జ్ఞానానందం.

ఆ తర్వాత చొక్కా వదిలేసి, ఫోన్ తీసి అల్లుడికి చేశాడు.

“ఫిన్నీ... ఎక్కడున్నావు నాయనా? ఇంటికి రా. నువ్వొచ్చేదాకా పెట్టె మూయనివ్వను.”