పామర్రు మ్యాచ్

డయానాని నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె తడిసి ముద్దయి ఉంది. ఆమె చేతుల్లో ఉన్న స్పీకర్ మాత్రం రెయిన్‌కోట్ వేసుకుని ఉంది.

గవర్నర్‌పేటలో మా షాపు ముందు ఆటో దిగి, గబగబా మెట్లెక్కి, ఆ రెయిన్‌కోట్‌ని పసిపిల్లని దించినట్టు నా టేబుల్ మీద దించింది. జడలోంచి నీళ్ళు నా కీబోర్డు మీద పడుతున్నాయి. అదేమీ పట్టించుకోలేదు.

"ఇది మీ షాపులో కొన్నదేనా అండీ?"

"మాదేనండీ. ఏమైంది?"

"ముక్కు దిబ్బడ."

"ఎవరికి?"

"దీనికే. టీవీ కింద, మధ్యలో పెట్టే సెంటర్ స్పీకర్ కదా ఇది. సినిమాలో కారు ఎడం పక్క నుంచి వస్తుంది. బాగానే ఉంటుంది. మధ్యలోకి రాగానే ఆటో అయిపోతోంది. కుడి పక్కకి వెళ్ళాక మళ్ళీ కారు."

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. సౌండ్ విషయంలో నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఆటో ఏంటండీ, సెట్టింగ్ చూసుకుని ఉండరు" అన్నాను.

"చూసుకున్నాం. పెంచాం, తగ్గించాం. సౌండ్ పెరుగుతోంది, తగ్గుతోంది. గొంతు మారడం లేదు. మీరొకసారి చెవులు పట్టుకుని మా ఇంటికి రండి."

"చెవులు పట్టుకునా?"

"అంటే... వెంటబెట్టుకుని" అని నాలిక్కరుచుకుంది. పక్క టేబుల్ దగ్గర మా ఓనరు పోలరాజు గారు కిసుక్కుమన్నారు. ఆ సెంటర్ అమ్మింది ఆయనే. ఇంట్లో పక్క స్పీకర్లు ఏవని కూడా అడగకుండా అమ్మేశారు. ఆయన లెక్కలో సెంటర్ అంటే సెంటరే, పెళ్ళికొడుకు అంటే పెళ్ళికొడుకే, ఎవరి పక్కనైనా నిలబడొచ్చు.

సాయంత్రం వాన తగ్గాక పటమటలో వాళ్ళింటికి వెళ్ళాను.

డయానా వాళ్ళ నాన్నగారు సంజీవరావు గారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. హాల్లో టీవీకి అటూ ఇటూ నిలువెత్తు స్పీకర్లు, ఉద్యోగంలో ఉన్నప్పుడు ముచ్చటపడి కొన్నవి. కంపెనీ వాడు ఆ మోడల్ ఎప్పుడో ఆపేశాడు. కిటికీ పక్కన దివాన్ మీద ఆయన తల్లి ఆదెమ్మ గారు కూర్చుని ఉన్నారు. సినిమా పిచ్చి. మాటలు మాత్రం తెలియడం లేదని ఆవిడ గోల.

స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవర్‌లో టెస్ట్ నాయిస్ అని ఒకటి ఉంటుంది. ఒక్కో స్పీకర్ లోంచి వంతులవారీగా 'షూ' అని వానలాంటి చప్పుడు వస్తుంది. అది వేశాను. డయానా కళ్ళు మూసుకుని విన్నది.

"ఎడం పక్క తాటాకు మీద వాన. మధ్యలో రేకుల మీద వాన. కుడి పక్క మళ్ళీ తాటాకు" అంది.

అచ్చంగా అదే తేడా. పక్క స్పీకర్లలో సన్నటి శబ్దాలు పలికే ట్వీటర్ పట్టుగుడ్డతో చేసింది. సెంటర్‌లో రేకుతో చేసింది. రెండూ మంచివే. కలిపితేనే పేచీ.

"మీకింత చెవి ఎలా వచ్చిందండీ?"

"చర్చిలో క్వయర్‌కి పాటలు నేర్పుతాను. అక్కడా ఇంతే. గట్టిగా పాడేవాళ్ళని తగ్గించమనొచ్చు. గొంతే కలవకపోతే ఏం చేస్తాం?"

ఆ మాట అంటూ నవ్వింది చూశారూ, అప్పుడే నా పని అయిపోయింది. ఆ సంగతి నాకు ఇంటికెళ్ళేదాకా తెలియలేదు.

సెంటర్ తీసేసి చూశాం. అప్పుడు మాటలు రెండు పక్క స్పీకర్ల లోంచీ వస్తాయి, సరిగ్గా మధ్యలో కూర్చున్నవాళ్ళకి టీవీ లోంచే వచ్చినట్టుంటాయి. మధ్య కుర్చీలో ఉన్న సంజీవరావు గారు "ఆహా" అన్నారు. పక్కగా, ఒక స్పీకర్‌కి దగ్గరగా ఉన్న ఆదెమ్మ గారు మాత్రం, "హీరో నా దివాన్ కింద దూరాడేంట్రా!" అని కాళ్ళు పైకి ముడుచుకున్నారు. మధ్యలోకి రమ్మంటే కిటికీ వదలనన్నారు.

ఇక వేట మొదలైంది. షాపులో ఉన్న సెంటర్లు ఒక్కొక్కటే తెచ్చి పెట్టడం, వాన వేయడం, డయానా కళ్ళు మూసుకోవడం, నేను ఆమెని చూడటం.

"ఇది?"

"రేకులే. కాకపోతే కొత్త రేకులు."

"మరి ఇది?"

"గొడుగు మీద పడ్డట్టుంది. మీరు విన్నారా అసలు?"

"విన్నానండీ."

"కళ్ళతోనా?"

దొరికిపోయాను. చెవులు ఎర్రబడ్డాయి. ఆమె కాఫీ గ్లాసు నా చేతికిచ్చి గబుక్కున లోపలికి పోయింది. తలుపు వెనకాల నవ్విన చప్పుడు వినబడింది.

నిజం చెప్పొద్దూ, ప్రతిసారీ సెంటర్ కలవకపోతే నాకు పండగే. కలిస్తే పని అయిపోతుంది. పని అయిపోతే పటమట వెళ్ళడానికి నాకు ఏ వంకా ఉండదు. కానీ కస్టమర్ని ఎన్నాళ్ళు తిప్పుతాం? నిజాయితీగా వెతకాల్సిందే కదా. వెతికాను. దొరికింది. పామర్రులో ఒక లెక్చరర్ గారు ఇల్లు మారుతూ సామాను తీసేస్తున్నారు. అచ్చంగా సంజీవరావు గారి స్పీకర్లతో పుట్టిన సెంటర్ అది.

ఆ కబురు వచ్చినప్పుడు నేను డయానా వాళ్ళ పోర్టికోలో ఉన్నాను. జోరున వాన. పోలరాజు గారికి ఫోన్ చేశాను. వానలో ఆయనకి వినబడాలని అరిచి మరీ చెప్పాను.

"సార్, పామర్రు మ్యాచ్ దొరికింది సార్! ఆ, పామర్రే. ఒకే ఫ్యామిలీ, అన్నీ కలిశాయి. కొంచెం వయసైంది గానీ ఒంటి మీద గీత కూడా లేదట... పటమటదా? వద్దు సార్. చూడ్డానికి బ్రహ్మాండమే. గొంతే కలవడం లేదు. ఇన్నాళ్ళు చూశాం కదా, ఇంక వదిలేద్దాం. రేపే పామర్రు వెళ్ళి, నచ్చితే వెంటబెట్టుకొచ్చేస్తాను."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగాను. గుమ్మంలో ఎవరూ లేరు. కాఫీ వాసన మాత్రం ఉంది. కాఫీ రాలేదు. పాలు విరిగాయేమో అనుకున్నాను, నా అంత తెలివైనవాడు కృష్ణా జిల్లాలో ఉండడు.

ఆ తర్వాత నేను పెట్టిన ప్రతి మెసేజీకీ డయానా దగ్గర్నుంచి ఒకటే జవాబు, "సరేనండి". ఒక ఎమోజీ లేదు, ఒక వెక్కిరింత లేదు.

పామర్రు వెళ్ళి సెంటర్ విన్నాను. బంగారం. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తిరిగి వస్తుంటే సంజీవరావు గారు ఫోన్ చేశారు.

"శనివారం పొద్దున వచ్చి పని పూర్తి చేసెయ్ బాబూ. ఆదివారం ఆరాధన అయ్యాక ఏలూరు నుంచి డయానాని చూడ్డానికి వస్తున్నారు. హాల్లో ఈ వైర్లుంటే బావుండదు."

"అలాగేనండీ" అన్నాను. గొంతు నాకే వేరేగా వినబడింది.

"విచిత్రం ఏంటంటే, ఇన్నాళ్ళూ వద్దు వద్దన్న పిల్ల, మొన్న వానరోజు ఉన్నట్టుండి రమ్మనమంది."

కిటికీ బయట నాట్లు వేసిన చేలు, నిండా నీళ్ళు. ఒళ్ళో స్పీకర్ ఎంత బరువుందో అప్పుడు తెలిసింది. ఆమెతో ఒక్క మాట కూడా చెప్పలేదు నేను. వాన వినమన్నానే గానీ, నన్ను వినమనలేదు.

శనివారం సెంటర్ బిగించాను. స్టాండ్ అంచుదాకా ముందుకి జరిపి, ముందువైపు కింద రబ్బరు ముక్కలు పెట్టి, మూతి కొంచెం పైకెత్తాను. లేకపోతే మాటలు వెళ్ళి మనుషుల మోకాళ్ళకి తగులుతాయి. పాతదే కానీ మీ స్పీకర్ల జోడీదే అని సంజీవరావు గారికి చెప్పాను. ఏ ఊరి నుంచి వచ్చిందో చెప్పలేదు. సరుకు ఎక్కడిదో కస్టమర్‌కి చెప్తే రేపు వాళ్ళే నేరుగా పోతారని పోలరాజు గారి రూలు.

వాన వేశాను. ఎడమ, మధ్య, కుడి. సంజీవరావు గారు పిలిస్తే డయానా వచ్చింది. కళ్ళు మూసుకుని విన్నది.

"కలిసింది" అంది. నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

సినిమా పెట్టాను. ఆదెమ్మ గారు దివాన్ మీంచి ఒక్క గావుకేక వేశారు. "ఓరి నాయనో! ఆవిడ కోడల్ని పొమ్మంటోందనుకున్నాను ఇన్నాళ్ళూ. పప్పు వొంపమంటోంది!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. టూల్‌బ్యాగ్ జిప్పు వేసుకుని లేచాను.

"ఉండు బాబూ, ప్రార్థన చేసుకుని వెళ్దువుగాని" అన్నారు ఆదెమ్మ గారు. వాళ్ళింట్లో పని పూర్తయి ఎవరు వెళ్తున్నా ప్రార్థన చేసే పంపుతారట. డయానా చున్నీ తల మీద కప్పుకుని వచ్చి, నాన్నగారి పక్కన నిలబడింది. అందరం కళ్ళు మూసుకున్నాం.

"పరిశుద్ధుడవైన తండ్రీ, నా చెవులకి మాటలు మళ్ళీ తెలిసేలా చేశావు, నీకు స్తోత్రం. ఈ ఫిలిప్ బిడ్డని దీవించు. పామర్రులో అతను చూసుకున్న సంబంధాన్ని ఆశీర్వదించు..."

నాకు అర్థం కాలేదు.

"ఆ పిల్లకి కొంచెం వయసైనా, గొంతు నచ్చి ఇష్టపడ్డాడు ప్రభువా. వెంటబెట్టుకొచ్చి చక్కగా కాపురం చేసుకోనివ్వు. మా పటమట పిల్ల గొంతు అతనికి నచ్చకపోతేనేం, నీ మందిరంలో నువ్వు వింటూనే ఉన్నావు. మా పిల్ల కన్నీళ్ళు..."

కళ్ళు తెరిచాను. ఎదురుగా డయానా కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. నిండా నీళ్ళు. చెయ్యి చాచి నానమ్మ కొంగు లాగుతోంది, ఆపమని. ప్రార్థన మధ్యలో మాట్లాడకూడదు. ఆపాలంటే ఒక్కటే దారి.

"ఆమెన్!" అన్నాను, ఇల్లు దద్దరిల్లేలా.

"ఇంకా అవలేదు కదరా అబ్బాయ్!" ఆదెమ్మ గారు కళ్ళెర్రజేశారు.

"మామ్మగారూ, పామర్రులో నాకు ఏ అమ్మాయీ లేదండీ! స్పీకరండీ! ఇదిగో, ఇదే పామర్రు మ్యాచ్! మా షాపులో కస్టమర్ల పేర్లు చెప్పుకోం, ఊరూ పేటా పేరే చెప్తాం!"

డయానా నెమ్మదిగా నోరు విప్పింది.

"వయసైందన్నారు?"

"తయారై పదేళ్ళు దాటిందండీ."

"ఒకే ఫ్యామిలీ అన్నారు?"

"ఒకే మోడల్ వాళ్ళని... వాటిని, ఫ్యామిలీ అనే అంటారు."

"పటమటది గొంతు కలవదు, వదిలేద్దాం అన్నారు. నా చెవులతో విన్నాను."

"అంతకుముందు మీ ఇంట్లో పెట్టిన నల్ల సెంటర్ గురించండీ! గొడుగు మీద వాన అని మీరే కదా అన్నారు!"

ఆమె రెండు చేతులతో మొహం కప్పేసుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందేమో అని హడలిపోయాను. నవ్వుతోంది.

సంజీవరావు గారు కూతుర్ని చూశారు, నన్ను చూశారు. "అందుకా అమ్మా ఏలూరు వాళ్ళని రమ్మన్నావు?"

"నాన్నా!" అని ఆమె కర్టెన్ వైపు తిరిగింది. కాదని మాత్రం అనలేదు. నా గుండెల మీంచి ఎవరో బండరాయి దించినట్టయింది.

"ప్రార్థన సగంలో వదలకూడదు. ఆపింది నువ్వే, పూర్తి చేసేదీ నువ్వే" అన్నారు ఆదెమ్మ గారు.

"మేము ఆర్.సి.ఎం. అండీ, క్యాథలిక్కులం. మావన్నీ కంఠతా వచ్చిన ప్రార్థనలు. సొంతంగా చేయడం నాకు రాదు."

"ఏం కావాలో అది అడగడానికి నేర్చుకోవాలా? కళ్ళు ముయ్యి."

మూసుకున్నాను.

"ప్రభువా... సెంటర్ కలవని ప్రతిసారీ నేను సంతోషించాను, క్షమించు. ఇవాళ కలిసింది. ఇక ఈ ఇంటికి రావడానికి నాకు పనేమీ లేదు. కానీ రావాలని ఉంది. డయానా గారంటే నాకు ప్రాణం. ఆవిడకి ఇష్టమైతే, వాళ్ళ పెద్దలు ఒప్పుకుంటే, మా అమ్మని తీసుకొచ్చి పద్ధతిగా అడుగుతాను. ఏలూరు వాళ్ళకి... వాళ్ళకి ఇంకా మంచి సంబంధం చూడు..."

ఎలా ముగించాలో తెలియక తడబడుతున్నాను.

"ఆమెన్" అంది డయానా. క్వయర్‌లో అందరికంటే ముందు ఎత్తుకున్నట్టు అంది.

"ఆమెన్" అన్నారు ఆదెమ్మ గారు.

సంజీవరావు గారి దగ్గర్నుంచి ఏ మాటా లేదు. ఫ్యాను తిరుగుతోంది. నేను కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాను. ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఆమెన్. ఏలూరు వాళ్ళకి నేను ఫోన్ చేసి చెప్తాలే."

అప్పుడు గానీ నేను కళ్ళు తెరవలేదు.