ఆరు కడ్డీలు

చీకటి పడ్డాక టిడ్‌వెల్ గొయ్యి వైపు ఎవరూ వెళ్ళరు. మా కొండ మీద బావుల్లాంటి లోతైన గోతులకేం కొదవ లేదు, కానీ పేరు చెడింది దానికొక్కదానికే. రాత్రిపూట అంచున నిలబడితే అడుగు నుంచి వినపడుతుందట... టింగ్... టింగ్... ఇనుము మోగినట్టు. లోపల ఎవరో కడ్డీలు లెక్కపెట్టుకుంటున్నారని చెప్పుకుంటారు.

ఆ లెక్కపెట్టేది ఎవరో నా ముందు మాత్రం అనరు. ఆ గోతిలో పడి చనిపోయింది మా ఆయన డెల్బర్ట్.

నేను నవ్వి ఊరుకునేదాన్ని. టిడ్‌వెల్ వాళ్ళ తాత ఎప్పుడో ఒక పాత ఇనప పొయ్యిని ఆ గోతిలోకి దొర్లించేశాడు. పైనుంచి దాని మీద నీళ్ళు చుక్కచుక్కగా పడతాయి. దెయ్యమంటే అంతే.

తాడు మీద గోతుల్లోకి దిగే మాలాంటివాళ్ళ దగ్గర, నడుముకి తగిలించుకునే ర్యాకు అని ఒకటుంటుంది. మూరెడు ఉక్కు చువ్వని వంచి రెండు కాళ్ళు చేసి, వాటికి అడ్డంగా ఆరు కడ్డీలు పెడతారు. తాడుని ఆ కడ్డీల మధ్య ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి మెలికలు తిప్పుతారు. ఆ రాపిడి మీదే మనిషి మెల్లగా దిగుతాడు. తాడు సరైన వైపు ఉంటే బరువు పడేకొద్దీ కడ్డీలు బిగుస్తాయి. తిరగేసి వేస్తే... చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. బరువు పడగానే ఆరూ టపటపా ఊడిపోతాయి.

అందుకని మాకొక కట్టుబాటు ఉంది. నీది నువ్వు చూసుకుంటే చాలదు. పక్కవాడు వచ్చి, ఒక్కో కడ్డీనీ వేలితో తట్టి, పైకి లెక్కపెట్టాలి. అందరం ఒకటి నుంచి ఆరు దాకా లెక్కపెడతాం. డెల్బర్ట్ ఒక్కడే ఆరు నుంచి ఒకటికి వచ్చేవాడు. "ఒకటి నుంచి మొదలెడితే నోరు దానంతటదే వాగేస్తుంది, కళ్ళు నిద్రపోతాయి," అనేవాడు.

అలాంటి మనిషి తన తాడే తిరగేసుకున్నాడు. పద్నాలుగేళ్ళుగా ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. అందరివీ చూశావు, నీది చూసుకోవడం చేతకాలేదా మహానుభావా అని. గిన్నెలు తోముతూ తిట్టాను, చర్చిలో కూర్చుని కూడా తిట్టాను.

మొన్న నవంబరులో ఒక రాత్రి ఓలెన్ టిడ్‌వెల్ గారు ఫోన్ చేశారు. ఆ గొయ్యి వాళ్ళ స్థలంలోదే. ఎనభై దాటిన మనిషి, ఒంటరివాడు. ఆయనకి మిగిలింది సూకీ అనే వేటకుక్క ఒక్కటే.

"మూడు రాత్రులుగా గోతిలోంచి ఏడుపు వినపడుతోంది అమ్మాయ్. దెయ్యమే అనుకుని దుప్పటి ముసుగేసుకున్నాను. అడవిలో రకూన్ల వెంట పడ్డ కుక్క ఇంకా రాలేదేమిటా అని ఇవాళ గానీ తట్టలేదు నాకు. అది సూకీయే."

ఇదివరకైతే నేనే దిగేదాన్ని. ఇప్పుడు నా మోకాలు మెట్లే దిగనివ్వడం లేదు. గార్లాండ్‌కి ఫోన్ చేశాను. సాక్సుల మిల్లులో పని అతనికి. డెల్బర్ట్‌కి ప్రాణ స్నేహితుడు. ఆఖరి రోజున ఆ అంచున మా ఆయన పక్కన ఉన్నది అతనే. ఆ తర్వాత మళ్ళీ అటు అడుగు పెట్టలేదు. మా ఇంటికీ రావడం తగ్గించాడు.

"రెండు షిఫ్టులు వరసగా చేసి ఇప్పుడే బూట్లు విప్పాను మార్వా. ఆ గొయ్యి తప్ప ఇంకేదైనా చెప్పు."

"కుక్క పడింది అందులో. ఇంకోదాంట్లో దిగి ఏం చేస్తావు?"

అటువైపు కుర్చీ కిర్రుమంది.

"బూట్లు వేసుకుంటున్నాను," అన్నాడు.

మేం వెళ్ళేసరికి పొగమంచు దట్టంగా పట్టింది. కింద కుక్క ఏడుపు కూడా సన్నగిల్లిపోయింది. ఇంకో రాత్రి ఆగితే ఉండేది కాదు. గార్లాండ్ ఓక్ చెట్టుకి తాడు కట్టి గోతిలోకి వదిలాడు. ఈలోగా ఓలెన్ గారు "సూకీ... సూకీ..." అంటూ అంచు దాకా వెళ్ళిపోతున్నారు. రెక్క పట్టుకుని ఆయన్ని ట్రక్కు దగ్గరికి నడిపించాను. దుప్పటి కప్పి, ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చాను. ట్రక్కు నుంచి గొయ్యి వంద గజాలుంటుంది, మంచులో ఏమీ కనపడదు. ఒక్క నిమిషంలో వెళ్ళి ర్యాకు చూద్దామనుకున్నాను.

అక్కడ ఏం జరిగిందో గార్లాండ్ చెప్పినట్టే చెబుతాను.

పడిపోకుండా నడుముకీ చెట్టుకీ కొక్కెంతో తగిలించుకున్న పొట్టి తాడు మీద ఆనుకుని, గోతికి వీపు పెట్టి నిలబడ్డాడు. ర్యాకులో తాడు వేశాడు. వేసినట్టు చేతులకి తెలుసు, బుర్రకి తెలియదు. అంత నిద్ర. "మార్వా, చూడు," అని కళ్ళు మూసుకున్నాడు.

అడుగుల చప్పుడు లేదు. ర్యాకు కొద్దిగా కదిలింది.

టింగ్... "ఆరు."

బొంగురుగా, గుసగుసగా ఉంది గొంతు. చలికి అలా ఉందనుకున్నాడు.

టింగ్... "అయిదు."

టింగ్... "నాలుగు..."

అక్కడితో ఆగిపోయింది. ఒక క్షణం... రెండు క్షణాలు... అతని చెయ్యి కొక్కెం మీదే ఉంది. మూడు అనగానే విప్పేసి బరువంతా తాడు మీద వేద్దామని చూస్తున్నాడు. మూడు రాలేదు. విసుగొచ్చి కళ్ళు తెరిచాడు.

ఎదురుగా ఎవరూ లేరు. నెత్తి మీది దీపం వెలుగులో ఉత్త పొగమంచు. తల వంచి చూసుకుంటే... తాడు మొత్తం తిరగేసి ఉంది.

అంతా విప్పి మళ్ళీ వేశాడు. నేను తప్పు చూపించి, ముసలాయన కోసం పరిగెత్తి ఉంటాననుకున్నాడు. మళ్ళీ కళ్ళు మూసుకోలేదు, మెరుస్తున్న కడ్డీలకేసే చూస్తూ నిలబడ్డాడు. ఈసారి ఎవరూ తట్టలేదు. తనే లెక్కపెట్టుకుని "దిగుతున్నా" అని అరిచాడు.

ఆ కేక నాకు ట్రక్కు దగ్గర వినపడింది. నేను చూడలేదే అనుకుంటూ కుంటుతూ పరిగెత్తాను. వెళ్ళేసరికి తాడు బిగిసి ఉంది, మెల్లగా వణుకుతోంది. అంచున కూలబడ్డాను.

సగం దిగాక గార్లాండ్ బుర్రకి ఎక్కిందట. మార్వా ఒకటి నుంచి కదా లెక్కపెట్టేది...

ముప్పావు గంట తర్వాత పైకొచ్చాడు, కాళ్ళ కింద సంచిలో కుక్కని వేలాడేసుకుని. ఒక కాలు విరిగింది గానీ బతికే ఉంది. ఓలెన్ గారు దాన్ని దుప్పటిలో చుట్టుకుని ట్రక్కులో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

"నేను చూడకుండా ఎవరు దిగమన్నారు నిన్ను?" అన్నాను.

గార్లాండ్ నా మొహంలోకి చూశాడు. జరిగిందంతా చెప్పాడు, ఒక్కో ముక్కా.

"నీళ్ళ చుక్కలు," అన్నాను. "పొయ్యి మీద. నిలబడే నిద్రపోయావు నువ్వు. కలలో లెక్కపెట్టుకున్నావు."

"మూడు రోజుల్నుంచీ సూకీ పడుకుని ఉన్నది ఆ పొయ్యి మీదే, మార్వా. చుక్కలన్నీ దాని వీపు మీదే పడుతున్నాయి. దాని ఒళ్ళు తడిమి చూడు, ఎలా నానిపోయిందో. కింద ఏ చప్పుడూ లేదు."

అతను నేల మీద కూర్చుండిపోయాడు. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆ రోజు కూడా నేను రాత్రి షిఫ్టు చేసి వచ్చాను. 'నాది చూడరా' అన్నాడు వాడు. అక్కడే, ఈ చెట్టుకి ఆనుకుని కూర్చుని ఉన్నాను. లేవలేదు. కళ్ళు కూడా తెరవలేదు. 'చూశాను, పో' అన్నాను."

పొగమంచు మెల్లగా కదులుతోంది. అతన్ని కొట్టాలనిపించింది. ఆ తర్వాత దానికీ ఓపిక లేకపోయింది. పద్నాలుగేళ్ళు తిట్టాల్సిన మనిషిని వదిలి ఇంకొకరిని తిట్టాను నేను. అలవాటైన తిట్లు, ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నేను చూడలేదు వాడిది," అన్నాడు మళ్ళీ. "ఇవాళ వాడు నాది చూశాడు."

ఫ్లాస్కులో మిగిలిన కాఫీ మూతలో పోసి అతని చేతికిచ్చాను. అంతకంటే ఇంకేం చెయ్యాలో తోచలేదు.

అతను ఓలెన్ గారినీ సూకీనీ ట్రక్కులో తీసుకెళ్ళాక, అంచు దాకా వెళ్ళి నిలబడ్డాను. ఆయనకేదో చెప్పాలి. క్షమించు అనాలేమో. అప్పుడు కింద వినపడింది... టింగ్. నాకు నవ్వొచ్చింది. పొయ్యి మీద కుక్క లేదిప్పుడు, చుక్కలు మళ్ళీ పడతాయి కదా. నిలబడి లెక్కపెట్టాను. రెండు... మూడు... నాలుగు... అయిదు... ఆరు.

ఏడోది పడలేదు. తెల్లారేదాకా నిలబడ్డాను.