సరంగు పడవకు ఫిష్ ఫైండర్

"పడవ అమ్మేస్తున్నాను. రేపు సాయంత్రం ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు వచ్చి చూసుకుంటారు," అన్నాడు సరంగు, గుమ్మంలో కూర్చుని కాళ్ళకంటిన ఇసక దులుపుకుంటూ.

వంటింట్లో భార్య చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఆయనది ఇద్దరు పట్టే చిన్న చెక్క పడవ. అయినా రేవులో అందరూ, పెద్ద పడవ నడిపించేవాణ్ణి పిలిచినట్టు, సరంగు అనే పిలుస్తారు. పడవ లేని సరంగును రేపటి నుంచి ఏమని పిలుస్తారు... ఆమెకు ముందు వచ్చిన ఆలోచన అదే. ఎందుకని అడగబోయి మాట మింగేసింది. ఎందుకో ఆమెకు తెలుసు, లేదా తెలుసనుకుంది. కొంతకాలంగా ఆయన చేపల పెట్టెలు ఖాళీగానే ఒడ్డుకు వస్తున్నాయి. పక్క పడవల వాళ్ళు నవ్వుతూ దిగుతుంటే ఈయన తల వంచుకుని దిగుతున్నాడు. దూరంగా చూడటం, కళ్ళు నులుముకోవడం, మళ్ళీ చూడటం... మొన్న చొక్కా ఉతకబోతే జేబులో కంటి చుక్కల మందు దొరికింది. దొరికినదాన్ని దొరికినట్టే మళ్ళీ జేబులో పెట్టేసింది. అడిగితే ఆ మనిషి కుప్పకూలిపోతాడు. అడగకపోతే పడవ పోతుంది. పడవ పోయాక ఆయన మాత్రం ఏం మిగులుతాడు?

మంచం మీద నుంచి అత్తగారు అందుకుంది. "నాన్నకు తగ్గ కొడుకు. ఏ చోట చేపలుంటాయో మీ మామగారు నాకు చచ్చేదాకా చెప్పలేదమ్మా. చేపలకైనా చెప్పాడో లేదో."

ఆ రేవులో అది తరతరాల కట్టుబాటు. చేపలుండే చోటుకు ఒడ్డున గుర్తులు పెట్టుకుంటారు. ఆ గుర్తులు తండ్రి కొడుక్కి చెబుతాడు, అదీ నడిసముద్రంలో ఇంజను ఆపి. భార్యకు చెప్పరు, తోడబుట్టినవాడికీ చెప్పరు. ఒడ్డున ఉన్న ఏ కొండ గురించో మేడ గురించో నలుగురిలో మాట్లాడినా గుట్టు బయటపడుతుందని ఆ ఊసే ఎత్తరు.

సరంగు స్నానానికి వెళ్ళగానే ఆమె కూతురి చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కుపోయింది. కూతురు కుట్టుపని చేసే పిల్ల. పండక్కి కొత్త బట్టలడిగినట్టు, నీటి అడుగున చేపల్ని చూపించే ఫిష్ ఫైండర్ పడవకు కొందామని ఎప్పటి నుంచో అడుగుతోంది.

"నువ్వు చెప్పే ఆ పెట్టె ఏ కొట్లో దొరుకుతుందే?"

"ఇప్పుడా? నాన్న ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకునేదాకా ఆగితే పడవ ఉండదు. నడు."

ఆ కొట్లో అడుగు పెట్టేసరికి తల్లికి కళ్ళు చెదిరాయి. గోడ నిండా తెరలు... చిన్నవి, పెద్దవి, అన్నిట్లోనూ నీలం నీళ్ళు, అడుగున ఎర్రటి నేల. కొట్టతను నిమ్మళమైన మనిషి. ఏ పడవ, ఎంత లోతుకు వెళతారు, బ్యాటరీ ఏది అని ఒక్కొక్కటే అడిగాడు. చెక్క పడవ అనగానే, "అయితే సెన్సర్ పడవ లోపల అతికిస్తే పనిచేయదక్కా. వెనక చెక్కకు బయట బిగించాలి, ఫ్యాన్‌కు దూరంగా. ఇంజను ఫ్యాను లేపే బుడగలు తగిలితే తెర మీద అంతా చెత్తే కనిపిస్తుంది," అన్నాడు.

కూతురు చిన్న తెరున్న పెట్టె దగ్గర అతుక్కుపోయింది. "అమ్మా, దీంట్లో లోతుల పటం కూడా ఉంది. అడుగున పక్కలకు కూడా చూపిస్తుందట. ఫోనుకు కలుస్తుందట. ఇదే తీసుకుందాం."

"అక్షరాలు చీమల్లా ఉన్నాయి."

"నాన్న దగ్గరగా పెట్టుకు చూస్తాడులే."

"పెద్దది కావాలి," అంది తల్లి. "ఎండలో కూడా కనిపించాలి. అంకె ఇంతుండాలి." చిటికెన వేలు చూపించింది.

"పెద్దదైతే కరెంటు ఎక్కువ తాగుతుందక్కా. మీ బ్యాటరీ దీపానికి పెట్టుకున్నది కదా," అన్నాడు కొట్టతను.

"తాగనీ. దీపం ఆర్పేసుకుంటాం. పగలు వెళ్ళేవాళ్ళకు దీపమెందుకు?"

కూతురు మొహం ముడుచుకుంది. పటం లేకుండా, ఫోను లేకుండా ఇదేం పెట్టె? తల్లి ఎందుకంత పట్టు పడుతోందో ఆ పిల్లకు తెలియదు. తల్లి చెప్పనూ లేదు. కొట్టతను నవ్వి, అన్నిటికన్నా పెద్ద తెర కాకుండా దాని కింది రకం తీసి ఎండలోకి పట్టుకెళ్ళి చూపించాడు. అంకెలు పగటి వెలుగులో కూడా పచ్చగా, స్పష్టంగా నిలిచాయి. జీపీఎస్ ఉంది. ఒక్క బటన్ నొక్కితే ఉన్న చోటు గుర్తు పెట్టుకుంటుంది. బ్యాటరీకి కూడా భారం కాదు. "మెత్తటి నేలైతే అడుగు గీత పల్చగా వస్తుంది. రాయైతే దట్టంగా వస్తుంది. చేప కొడవలిలా వంగి కనిపిస్తుంది. నచ్చకపోతే తెచ్చిచ్చేయండి," అన్నాడు. తల్లీకూతుళ్ళిద్దరూ ఒక్కసారే "నచ్చింది" అన్నారు. ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వస్తుంటే ఆమె గుండె పెళ్ళినాడు కొట్టుకున్నట్టు కొట్టుకుంది.

ఇంట్లో మాత్రం సరంగు ఆ పెట్టె వంక కూడా చూడలేదు.

"ఇంట్లో టీవీ చాల్లేదా?"

"పడవకు బిగించి ఒక్కసారి చూడండి. తర్వాత మీ ఇష్టం."

"మా నాన్న చోట్లు అందులో పెడితే, అది ఎత్తుకుపోయినవాడివి అవుతాయి ఆ చోట్లు."

"పెట్టొద్దు. ఊరికే చూద్దాం. నేనూ వస్తాను, తెర నేను చూస్తాను."

ఆయన ఉలిక్కిపడి భార్య మొహంలోకి చూశాడు. ఏం తెలిసిపోయిందో అన్నట్టు... మంచం మీద నుంచి అత్తగారు కసిరింది. "దాన్ని ఎక్కించుకుంటే పడవేం మునగదురా. తీసుకెళ్ళు."

మర్నాడు తెల్లవారగానే బయలుదేరారు. సెన్సర్ తండ్రీకూతుళ్ళు ముందురోజే బిగించారు, ఆయన గొణుగుతూనే. ఒడ్డు సన్నటి గీతయ్యాక సరంగు ఇంజను ఆపేశాడు. నీళ్ళు పడవను తట్టే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె తెర వంక చూస్తూ కూర్చుంది.

"ఇక్కడే ఎక్కడో రాళ్ళగుట్ట ఉంది," అన్నాడు చివరికి. "నాన్న చూపించాడు. కొండ భుజం మీద ఆ తెల్ల మేడ కూర్చున్నట్టు కనిపిస్తే ఒక వరస. దీపస్తంభం వెనక పొగగొట్టం దాక్కుంటే రెండో వరస. రెండూ కలిసిన చోట గుట్ట. మంచి చోట్లన్నిటికీ ఆ పొగగొట్టమే గుర్తు." చెయ్యెత్తి ఒడ్డు వైపు చూపించాడు. "మేడ కనిపిస్తోంది. దీపస్తంభం కనిపిస్తోంది. దాని వెనక అంత దూరంలో ఉన్న పొగగొట్టమే... నా చూపుకు ఆనడం లేదే. మందు వేసుకున్నా అంతే. తాడుకు సీసం కట్టి లోతు చూశాను. ఇంత సముద్రంలో ఎన్నిచోట్ల వేయను?"

జీవితంలో మొదటిసారి ఆయన తన గుర్తులు ఆమెకు చెప్పాడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెయ్యి అడ్డం పెట్టుకుని ఒడ్డు వంక చూసింది. ఇటు చూసింది, అటు చూసింది.

"ఏ పొగగొట్టం? ఇటుకల ఫ్యాక్టరీదా?"

"అదే."

"దాన్ని పడగొట్టేశారు కదండీ! వర్షాలకు ముందే. పక్క ఊళ్ళో మా చెల్లెలి ఇంటి వెనకే కదా, ఆరేసిన బట్టలన్నీ ఎర్రటి దుమ్ము కొట్టుకుపోయాయని ఫోనులో ఎంత తిట్టిందో..."

సరంగు చటుక్కున తిరిగి ఒడ్డు వంక చూశాడు.

"మీ కళ్ళకేం కాలేదు. అది నాకూ కనిపించడం లేదు."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"మా చెల్లెలి బట్టల మురికి మీకెందుకని చెప్పలేదు. మీరెందుకు అడగలేదు?"

"ఎలా అడుగుతాను? అడిగితే గుర్తు చెప్పినట్టే కదా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్విందెవరో ఇద్దరికీ తెలియదు. పడవ ఊగేలా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆయన మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. ఆ భుజాలు చాలాసేపు కదిలాయి. ఆమె ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

తర్వాత ఆయన ఇంజను వేశాడు. తెల్ల మేడను కొండ భుజం మీద నిలబెట్టుకుని ఆ వరసలోనే మెల్లగా పోనిచ్చాడు. ఆమె అంకెలు చదువుతోంది. "ఇరవై రెండు బారలు... ఇరవై రెండు... గీత పల్చగానే ఉంది... ఇరవై ఒకటి..." ఉన్నట్టుండి నేల గీత పైకి లేచింది. "పదహారు. పద్నాలుగు. ఆపండి, దట్టంగా వచ్చింది. దాని మీద కొడవళ్ళు, ఎన్ని కొడవళ్ళో చూడండి!"

ఆయన వంగి తెర చూశాడు. తండ్రి చెబితే నమ్మడమే తప్ప, ఇన్నేళ్ళలో ఆ గుట్ట రూపం ఆయన ఎప్పుడూ చూడలేదు. ఒంటె మూపులా ఉంది. వేలితో తెర మీద దాని అంచు తడిమాడు.

"ఇదేనా గుర్తు పెట్టే బటన్?"

"అదే. ఎవరైనా ఎత్తుకుపోతారేమో..."

"సాయంత్రం ఐసు ఫ్యాక్టరీ వాళ్ళను తిప్పి పంపేసి, పెట్టె విప్పి ఇంటికి తీసుకెళదాం. నొక్కు."

ఆమె నొక్కింది. ఆయన గాలం వేయలేదు. చుక్కాని కర్ర ఆమె చేతికిచ్చి, తను పక్కకు జరిగి కూర్చున్నాడు.

"దక్షిణానికి తిప్పు. అటు ఇంకో చోటుంది. దానికి గుర్తులేమిటో చెబుతాను, విను."